అల్ కుసైస్‌లో ఒక సుతారి పరీక్ష

మూటలు

నేను దుబాయ్ పోతున్నానన్న కబురు మెట్‌పల్లిలో ఎలా పాకిందో తెలియదు గానీ, వీసా కాగితం చేతికొచ్చిన సాయంత్రానికే మా ఇంటి ముందు చెప్పులు పెరిగాయి. మా ప్రాంతంలో దుబాయ్ పోయేవాణ్ని మనిషిగా చూడరు, సామాను బండిగా చూస్తారు. మామిడికాయ తొక్కు, కారప్పూస, షుగరు మాత్రలు, ఒకాయనకు కళ్లద్దాలు, ఇంకొకాయనకు మోకాళ్ల నూనె. "చిన్నదే సారూ, ఓ మూలకు పడి ఉంటది" అని ప్రతి ఒక్కరూ అన్నారు. నా పెట్టెకు అన్ని మూలలు లేవంటే ఎవరూ వినలేదు.

చివరికి వచ్చింది లక్ష్మి. ఆమె భర్త మల్లేశం నాకు పాత ఎరుక. గోడ కట్టి బండలు పరిచే పనివాణ్ని మా వైపు సుతారి అంటారు. దుబాయ్ పోకముందు మా ఇంటి వరండాకు బండలు పరిచింది అతనే. పద్దెనిమిదేళ్లుగా అక్కడ కూడా అదే పని. లక్ష్మి తొక్కు డబ్బా నా చేతికిచ్చి, వెళ్లకుండా గడప దగ్గరే నిలబడింది.

"సారూ, ఈ అచ్చే శుక్రారం ఆయనకు పరీక్ష పెడ్తున్నరట. పాసైతెనే సుతారిగ ఉంచుతరట. లేకుంటే తట్టలు మోసే పనట, అదీ ఇష్టముంటెనే. బిడ్డ నర్సింగు ఇంక రెండేండ్లున్నది. మీరు ఆడ పెద్దసారుకు ఒక్క మాట చెప్పుండ్రి."

"నాకక్కడ ఏ పెద్దసారూ తెలియదమ్మా."

"పేపర్ల పనిచేసిండ్రు గద సారూ!"

ముప్పయ్యేళ్లు జిల్లా పేజీలకు వార్తలు రాసినందుకు నాకు మిగిలిన ఆస్తి ఈ నమ్మకం. మండలాఫీసులో గుమస్తా నా మాట విన్న పాపాన పోలేదు, అరబ్బు దేశంలో వింటారట. చెప్తానని తలూపాను. ఊపకపోతే ఆమె గడప దిగేలా లేదు.

శంషాబాద్ విమానాశ్రయంలో నా ముందు నిలబడిన నిజామాబాద్ ఆయన నా పెట్టె కేసి అనుమానంగా చూశాడు. "మసాల ఉన్నదా అండ్ల? గసాలు కలిసిన మసాల అయితే దిగంగనే లోపలేస్తరు." వంటింటి గసగసాలు అక్కడ మత్తుమందు కింద లెక్క. వరుస వదిలి, నేల మీద చతికిలబడి మూటలన్నీ విప్పాను. మూడింటిలో కోడికూర మసాలా ఉంది. ముగ్గురిలో ఒక్కరైనా చెప్పలేదు. దుబాయ్‌కి ఇన్నేళ్లుగా మనుషుల్ని పంపుతున్న ఊరు ఇది. చెత్తబుట్ట దగ్గర ఊడుస్తున్న ఆమె "ఇంత మంచి మసాల పారబోస్తున్నరా?" అని మూడు పొట్లాలూ తీసేసుకుంది. ఆ యాత్రలో మొదటి లాభం ఆమెది.

అల్ నహ్దా

షార్జాలో అల్ నహ్దా అనే పేటలో మా మేనకోడలు సుజాత ఉంటుంది. భర్త ప్రవీణ్ దుబాయ్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేస్తాడు. దుబాయ్ రోడ్డు అవతలే మొదలవుతుంది. అద్దె తక్కువని ఇవతల ఉంటారు. ఆ ఒక్క రోడ్డు దాటడానికి ప్రవీణ్‌కు పొద్దున గంట, సాయంత్రం గంటన్నర. మెట్‌పల్లి నుంచి కోరుట్లకు నాలుగుసార్లు పోయి రావచ్చు.

వాళ్ల బిల్డింగులో లిఫ్టు పక్కన ఒక బోర్డు ఉంది. కుటుంబాలకే ఇళ్లు ఇస్తారట, బ్యాచిలర్లకు ఇవ్వరట.

"పెళ్లికాని వాళ్లంటే అంత భయమెందుకోయ్?" అన్నాను.

"బ్యాచిలర్ అంటే పెళ్లికానివాడని కాదు మామయ్యా. పెళ్లాన్ని తెచ్చుకునే జీతం లేనివాడని" అన్నాడు ప్రవీణ్. హాస్యానికి అనలేదు. అక్కడ ఆ మాటకు అదే అర్థం. నలుగురు పిల్లల తండ్రి కూడా అక్కడ బ్యాచిలరే.

రాత్రి భోజనంలో బీరకాయ పప్పు, కాకరకాయ వేపుడు. బీరకాయలు మన దేశం నుంచే విమానమెక్కి వస్తాయని, కిలో ధర విని మూర్ఛపోవద్దని సుజాత ముందే చెప్పింది. తింటూ ప్రవీణ్ తన బాధ చెప్పుకున్నాడు. బ్యాంకులో ఇకపై ఆ దేశపు వాళ్లకే ముందు ఉద్యోగాలివ్వాలంటున్నారట. "పదేళ్లు కష్టపడి సిస్టమ్ అంతా నిలబెట్టింది మేము. కుర్చీ మాత్రం వాళ్లకి."

"వాళ్ల దేశం కదయ్యా."

"అయితే మాత్రం? పని రావాలి కదా!"

అన్నం రెండోసారి వడ్డించే లోపు మాట కూలీలుండే క్యాంపుల మీదికి మళ్లింది. రేపు మల్లేశాన్ని చూడడానికి అల్ కుసైస్ క్యాంపుకు వెళ్తానన్నాను. ప్రవీణ్ మొహం చిట్లించాడు. "ఎందుకు మామయ్యా అక్కడికి? ఈ లేబర్ అంతా ఇలా వచ్చి పడబట్టే ఇండియన్స్ అంటే ఇక్కడ చులకన."

సుజాత చారు గిన్నె ముందుకు జరిపింది. "మీ నాన్నగారు మస్కట్‌లో చేసిందేమిటో?"

"అది వేరు."

"ఏం వేరు? వైర్లు లాగడం లేబర్ కాదా?"

"అప్పట్లో వేరే" అని అతను చారు పోసుకున్నాడు. ఎప్పుడైనా, ఎక్కడైనా, తనకంటే వెనక వచ్చినవాడే ఎక్కువైనట్టు కనిపిస్తాడు మనిషికి. ఆ వారమంతా ఈ మాటనే రకరకాల యాసల్లో విని విసిగిపోయాను.

అల్ కుసైస్

మల్లేశం వాళ్ల క్యాంపు మూడంతస్తుల పొడుగాటి బిల్డింగు. వసారా నిండా ఆరేసిన నీలం డ్రెస్సులు, ప్రతి గది ముందూ సిమెంటు పట్టిన బూట్లు. పక్కనే కంపెనీ యార్డు. నన్ను చూసి ఎదురొచ్చిన మనిషిని ఒక క్షణం పోల్చుకోలేకపోయాను. నలభై ఏడేళ్ల మల్లేశం జుట్టు, మీసం కాటుకలా నల్లగా ఉన్నాయి.

"ఇదేం వేషం?"

"పరీక్షకు సారూ" అన్నాడు సిగ్గుపడుతూ. "కొత్త ముదీర్ అచ్చిండు. చెయ్యి జూసే ముందుగాల నెత్తి జూస్తడట."

ముదీర్ అంటే మేనేజరు. కంపెనీకి పనులు తగ్గాయి. రెండు సైట్లు ఆగిపోయాయి. బండలు పరిచే సుతార్లు ఎక్కువయ్యారని, నలుగురిని ఉంచుకుంటామని కొత్త ముదీర్ తేల్చాడు. పరీక్షకు నిలబడుతున్నవాళ్లు ఏడుగురు.

గదిలో పది మంచాలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి మంచానికీ పాత దుప్పటి తెర. పదిమందిలో తొమ్మిదిమంది మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల వాళ్లే. మూటలు పంచాను. మసాలా సంగతి చెప్పగానే గది గదంతా నా మీద విరుచుకుపడింది. "గసాలు లేకుంట దంచుమని చెప్పకపోతిరా సారూ!" "అన్నేండ్లు పేపర్ల జేసి గిది ఎర్కలేదా?" ఎన్ని అబద్ధపు వార్తలు వేసినా నన్నెవరూ అంతగా తిట్టలేదు.

వంటగదిలో వరసగా స్టవ్వులు. ఆ రోజు వంట వంతు వచ్చిన మనిషి గరిటెతోనే నమస్కారం పెట్టాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయి. "మంచిగున్నరా సార్? మెట్‌పల్లిల ఎండలు ముదిరినయా?"

"ఇప్పుడే ఎండలేమిటి, ఇంకా మాఘమాసమే. నీదే ఊరు?"

"సమస్తిపూర్ సార్. బిహార్."

వెనక అందరూ గొల్లుమన్నారు. వచ్చిన ప్రతి తెలుగువాడికీ ఇది వేసి చూసే ఆటట. అతని పేరు శంభు. మెట్‌పల్లిలో వాళ్ల మేనమామ దగ్గర ఆరేళ్లు ఉండి బండల పని నేర్చుకున్నాడు. అక్కణ్నించి హెల్పర్ వీసా మీద దుబాయ్ వచ్చి మూడేళ్లయింది.

"మనం పని ఇడిసిపెట్టి ఈడికస్తిమి. మన జాగల వీడచ్చె. అది సాలదని ఎనుకనే ఈడిదాంక అచ్చిండు" అన్నాడు మల్లేశం. అంటూనే తన పళ్లెంలోని కోడి ముక్క తీసి శంభు అన్నం మీద వేశాడు.

శంభు నవ్వి, "మమ్ముల ఉండనిస్తె గద మల్లన్నా! ఓపారి బిహారోళ్లు ఊరి పని గుంజుకుంటున్నరని పేపర్ల ఏసిండ్రు సార్. తెల్లారి రూం ఓనరు సామాను బైట పెట్టిండు. వారం దినాలు షట్టరు ముంగట పన్నం" అన్నాడు.

ఆ వార్త నాది. మూడు కాలమ్‌లు, ఫొటోతో. శీర్షిక పెట్టింది డెస్కు అయినా, పంపింది నేను. అన్నం కలుపుతూ ఉండిపోయాను, చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

పరీక్షకు నిలబడే ఏడో మనిషి శంభు అని ఆ తర్వాత తెలిసింది. హెల్పర్ నుంచి సుతారి కావాలని దరఖాస్తు పెట్టాడు. పెట్టమన్నది మల్లేశమే. ఇన్నాళ్లూ సాయంత్రాలు యార్డులో పని దిద్దుతున్నదీ మల్లేశమే.

"ఉన్నవే నాలుగు జాగలు. దానికి నువ్వే పోటీ తయారు చేశావా?" నాకు నిజంగా ఒళ్లు మండింది.

"చెయ్యి మంచిగున్నది సారూ వాంది. మూడేండ్ల సంది సుతారి పని జేయించుకుంట హెల్పర్ లెక్కన ఉంచిండ్రు. గీత ఒక్కటే జర వంకర వోతది."

"నువ్వు ఓడిపోతే?"

"నేనెందుకు ఓడిపోత?" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత, ఎందుకైనా మంచిదని కాబోలు, బస్సులో రెండు గంటల దూరమున్న అల్ ఐన్‌లో గంగారాం అనే పాత దోస్తు తోటపని చేస్తున్నాడని, తోటలో ఒక మనిషికి చోటుందేమో కనుక్కోమని చెప్పాడు. ఫోన్లో అడిగితే గంగారాం మొహమాటానికి ఉందంటాడట. మొహం చూసి అడగాలట.

అల్ ఐన్ బస్సు

బుధవారం పొద్దున ఇరవై దిర్హాముల టికెట్టుతో అల్ ఐన్ బస్సెక్కాను. ముందు వరసలు ఆడవాళ్లకు. సుజాతతో ఫోన్లో మాట్లాడి పెట్టేయగానే ముందు సీట్లో ఉన్నామె వెనక్కి తిరిగింది.

"తెలుగువారాండీ? ఎక్కడండీ మనది?"

కరీంనగర్ జిల్లా అంటే "అయ్యో, అంత దూరమాండీ" అంది, దుబాయ్‌లో కూర్చుని. ఆమె పేరు రత్నకుమారి, రాజోలు దగ్గర పల్లె. అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పన్నెండేళ్లుగా పని. పాస్‌పోర్టు పని మీద దుబాయ్ వచ్చి తిరిగి వెళ్తోంది. సంచిలోంచి జంతికలు తీసి, అడగకుండానే నా చేతిలో పోసింది.

"మా ఇంట్లో నలుగురం పనివాళ్లమండీ. నేనూ, ఫిలిప్పీన్స్ ఆవిడా, నేపాలీ ఆవిడా, ఇథియోపియా పిల్లా. చీపురు ఒకటే, అంట్లు ఒకటే. జీతాలు మాత్రం నాలుగు రకాలండీ."

"పనిని బట్టా?"

"పాస్‌పోర్టుని బట్టండీ. ఫిలిప్పీన్స్ ఆవిడకి ఇంగ్లీషొచ్చని ఎక్కువ. పిల్లల్ని నిద్రపుచ్చేది మాత్రం నేనేనండీ. వాళ్ల చిన్నోడు ఆకలేస్తే బువ్వ అంటాడు." కాసేపు నవ్వుకుంది. వెంటనే గొంతు మారింది. "ఇప్పుడేమో ఆ ఇథియోపియా పిల్లలు ఎంతిస్తే అంతకి వచ్చేత్తన్నారండీ. మన కడుపు మీద కొడతన్నారు."

"మీరు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎవరుండేవారు?"

"శ్రీలంకావిడండీ."

"ఆమె ఏమనేది?"

రత్నకుమారి కిటికీ వైపు తిరిగింది. ఇసుక, మధ్యలో నాటిన చెట్ల వరస, మళ్లీ ఇసుక. "నా మొహం చూసేది కాదండీ ఆవిడ. నాకిప్పుడు తెలుత్తందండీ ఎందుకో" అంది. నాకు కాస్త ఊరట కలిగేలోపే "అయినా ఈ పిల్ల మరీ అన్యాయం అండీ, అంట్లు సరిగా తోమదు" అని ముగించింది.

ఖర్జూరపు తోట

గంగారాం గౌడ్ పనిచేసే తోట మధ్యలోంచి సన్నటి కాలువ పారుతుంది. మన పొలం కాలువలాంటిదే అనుకుని దాటబోయి ఒక కాలు దించాను. మోకాలి దాకా తడిసింది. గంగారాం నా బూటును ఎండలో బోర్లించి, చిన్న కప్పులో యాలకుల కాఫీ పోశాడు. చక్కెర ఉండదు. చేదుకు ఖర్జూరం కొరుక్కోవాలి. మన టీలో చక్కెర కలిపి తాగే పద్ధతే నయమన్నాను. "అలవాటైతే చక్కెర యాదికి రాదు" అన్నాడు.

ఊళ్లో అతను ఈత చెట్లు గీసేవాడు. ఇక్కడ కొన్నేళ్లు మల్లేశం దగ్గర సిమెంటు కలిపి, విసిగి తోటలోకి మారాడు. అది ఖర్జూరపు చెట్లకు పుప్పొడి పట్టించే కాలం. నడుముకు మోకు బిగించి అతను చెట్టెక్కుతుంటే మా ఊరి చెట్టే, మా ఊరి గౌడే అనిపించింది.

"ఎక్కుడు అదే సారూ. దిగినంక తాగుటానికే ఏం లేదు" అని పైనుంచి అరిచాడు.

మల్లేశానికి చోటుందా అని అడిగాను. దిగి, మోకు విప్పుకున్నాక చెప్పాడు. "చెట్టెక్కుతడా?"

"ఎక్కడు."

"ఇగేం మరి. సుతారోనికి చెట్టు రాదు, గౌడోనికి బండ రాదు. కిందపని జేసెటందుకు పఠాన్లున్నరు, బంగ్లాదేశోళ్లున్నరు. మా అర్బాబు, తోట ఓనరు, ఈ ఏడు మాలో ఇద్దరిని ఇంటికి తోలిండు. రావద్దని చెప్పుండ్రి సారూ. పరీక్షే పాసుగమ్మనుండ్రి."

వాళ్ల ఊళ్లో ఇప్పుడు చెట్లు గీసేవాడు లేడట. గంగారాం కొడుకులు మోకు ముట్టుకోరు. పక్క మండలం నుంచి ఎవరినో తెచ్చుకున్నారట, వాడు కల్లులో నీళ్లు కలుపుతున్నాడని ఊరంతా గొడవట. ఆ గొడవ గురించి గంగారాం అల్ ఐన్‌లో కూర్చుని, ఫోన్లో పంచాయితీ చెప్తున్నాడు. సాయంత్రం బస్సులో ఒక కాలికి తడి బూటుతో తిరిగొచ్చాను.

శుక్రవారం పొద్దున

శుక్రవారం అక్కడ సెలవు. పరీక్ష కంపెనీ యార్డులో పెట్టారు. ఇనుప వల కంచె ఇవతల క్యాంపు జనమంతా టీ కప్పులతో నిలబడ్డారు. దిర్హాముకు ఒక కప్పు, చిక్కగా, రెండు గుక్కలే. వాళ్ల మధ్య నేనూ నిలబడ్డాను.

నేల మీద సుద్దతో వరసగా ఏడు గడులు గీశారు. ఒక్కొక్కరికి పన్నెండు బండలు, రెండు గంటలు. అందులో రెండు బండలు పైపు పట్టేలా కోసి పెట్టాలి. ముదీర్ మన దేశపు వాడే, బక్కపల్చటి ఇంజినీరు. అతని గుమస్తా చేతిలో అట్ట, గడియారం. నియమం ఒక్కటే, దాన్ని హిందీలో రెండుసార్లు చెప్పాడు. ఎవరి గడి వాళ్లది. పని అయ్యాక గడి దాటి బయటికి రావాలి. ఒకసారి దాటితే ఆ మనిషి పని ఖలాస్, మిగిలింది ఉన్నదున్నట్టు చూస్తారు. అందరూ తలూపారు. మల్లేశం కూడా ఊపాడు. నేను చూశాను.

మల్లేశం అయిదో గడి, శంభు ఆరో గడి.

మా ఇంటి వరండాలో బండలు పరిచినప్పుడు నేనెప్పుడూ మల్లేశాన్ని నిలబడి చూడలేదు. పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు చూశాను. బండ పెట్టాక రబ్బరు సుత్తితో తట్టి, తల వంచి చెవి పెడతాడు. కింద బోలు ఉంటే చప్పుడు వేరుగా వస్తుందట. నచ్చకపోతే ఎత్తి మళ్లీ పెడతాడు. గంట దాటేసరికి పది బండలు పడ్డాయి. పైపు కోసం కోసిన మిగతా రెండూ పక్కన సిద్ధంగా ఉన్నాయి. బోలెడు టైముంది. కంచె దగ్గర ఒకరు "మల్లన్నది అయిపోయినట్టే" అన్నారు.

అప్పుడు అతని చూపు పక్క గడి మీద పడింది. శంభు మూడో వరసలో గీత వంకర తిరిగింది. గోరంత. శంభు చూసుకోలేదు, నాలుగో వరసకు సిమెంటు పరుస్తున్నాడు.

మల్లేశం లేచాడు. ఒక అడుగు. ఆరో గడిలోకి వంగి, రెండు బండలు వేళ్లతో జరిపి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు. "ఏయ్, దారం జూడు బే!" అని, వెనక్కి వచ్చి తన చోట కూర్చుని పదకొండో బండ చేతిలోకి తీసుకున్నాడు.

"పాంచ్ నంబర్, ఖలాస్" అన్నాడు గుమస్తా.

మల్లేశానికి అర్థం కాలేదు. "దో బాకీ హై సాబ్" అని చేతిలోని బండ చూపించాడు. గుమస్తా నేల మీది సుద్దగీత చూపించాడు. అడుగు పడిన చోట గీత చెరిగిపోయి ఉంది.

ముదీర్ వచ్చాడు. నేను అనుకున్నంత దుర్మార్గుడు కాదు. అలా అయి ఉంటే నాకు సులువుగా ఉండేది. వంగి పది బండలూ కర్రతో తట్టి చూశాడు. "అచ్ఛా కామ్ హై" అన్నాడు. అని, పన్నెండుకు పది అని రాసుకున్నాడు. పన్నెండూ పూర్తి చేసినవాళ్లలో నాలుగోవాడు శంభు.

కంచె పట్టుకుని నేను అరిచాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు. పెద్దసారుకు ఒక్క మాట చెప్పమన్న లక్ష్మి కోరిక ఆ రకంగా తీరింది. కాపలావాడు వచ్చి "యల్లా, యల్లా" అని నన్ను అవతలికి పంపించాడు. శంభు చేతులు కడుక్కోకుండానే ముదీర్ దగ్గరికి పరిగెత్తి, నాకొద్దు, మల్లన్నకియ్యండి అని బతిమాలాడు. నువ్వొద్దంటే ఆ చోటు తర్వాతి మార్కుల వాడికి, రెండో గడివాడికి పోతుందే తప్ప అయిదో గడివాడికి రాదన్నారు.

"ఎందుకు లేచావయ్యా? రెండుసార్లు చెప్పాడు కదా! రెండే బండలు కదా మిగిలింది!" అన్నాను మల్లేశంతో. మా మనిషి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అతను సిమెంటు గోక్కుంటున్నాడు. "ఎందుకు లేస్తి అంటే ఏం జెప్పాలె సారూ? పక్కపొంటి గీత వంకర వోతుంటె ఎట్ల కూసుంటరు? మీ వరండల నాది ఒక గడి, ఇంకొగనిది ఒక గడి ఉండెనా? గచ్చంటే ఒక్కటే గద."

మా వైపు పద్ధతి అదే. గదిలో ఎంతమంది చేసినా, ఏ మూల వంకర పోయినా మాట పడేది మేస్త్రి. సుద్దగీత నియమం అతని చెవులకు వినబడింది, చేతులకు వినబడలేదు.

శనివారం

మర్నాడు సాయంత్రానికి మల్లేశం తేల్చుకోవాలి. హెల్పర్‌గా సంతకం పెట్టాలి, లేదా వీసా రద్దు చేయించుకుని ఇంటికి పోవాలి. నేను, ప్రవీణ్ లాంటి తెలివిగల వాళ్లందరం ఒకే సలహా ఇచ్చాం. సంతకం పెట్టు, రెండేళ్లే కదా, బిడ్డ చదువు అయిపోతుంది.

"తట్ట మోసుడు గాదు సారూ నా బాధ" అన్నాడు మల్లేశం. "శంభుకు మొయ్యాలె. వాడు మొయ్యనియ్యడు. తట్ట వాడే ఎత్తుకుంటడు, గీత నేను గీస్త. ఇద్దరి పని చెడ్తది. ఆర్నెల్లల్ల ఇద్దరిని తోలేస్తరు."

పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి లెక్క అది. అయితే ఊళ్లో పని ఎవరిస్తారు? అతనికి తెలిసిన మేస్త్రులంతా ముసలివాళ్లయ్యారు, లేదా ఇలాగే ఏ క్యాంపుల్లోనో ఉన్నారు. మెట్‌పల్లిలో బండల పనంతా ఇప్పుడు బిహార్ బ్యాచుల చేతిలో ఉంది. ఈ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు?

శంభు అప్పుడే ఫోను తీశాడు. మెట్‌పల్లిలో ఉన్న వాళ్ల మేనమామ రాజ్‌దేవ్‌కు చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. అవతలి గొంతు తెలుగులోకి మారింది.

"తెలుగాయననా? తెలుగోళ్లు పనికి ఆగుతరా రా?"

గది మొత్తం మల్లేశం వైపు చూసింది. అతను ఎవరినీ చూడలేదు. "ఆగుత అని చెప్పు" అన్నాడు.

దుబాయ్‌లో ఉన్న బిహారీ సిఫారసు చేస్తే తప్ప మెట్‌పల్లి సుతారికి మెట్‌పల్లిలో పని దొరకదన్న సంగతి, ముప్పయ్యేళ్లు ఆ ఊళ్లో వార్తలు రాసిన నేను అల్ కుసైస్‌లో మంచం అంచున కూర్చుని తెలుసుకున్నాను.

మెట్‌పల్లి

ఎండాకాలంలో మల్లేశం వచ్చేశాడు. జుట్టు రంగు సగం దిగిపోయి ఉంది. లక్ష్మి నాతో నెలరోజులు సరిగా మాట్లాడలేదు. ఆ ఒక్క మాట నేను చెప్పి ఉండనని ఆమె అనుమానం.

ఈ మధ్య ఊరి చివర కొత్తగా కడుతున్న ఫంక్షన్ హాలు వైపు వెళ్లాను. పెద్ద హాలు, ఎనిమిదిమంది వంగి బండలు పరుస్తున్నారు. రాజ్‌దేవ్ బ్యాచ్. మూడో వరసలో తల వంచి, చెవి పెట్టి, సుత్తితో తడుతున్నది మల్లేశం. హాలు ఓనరు నాకు తెలిసినాయనే. కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు.

"చూసిండ్రా సార్, పని ఎంత నీటుగున్నదో! మనోళ్లను పెడ్తె ఇట్లొస్తదా? ఒక్కడు పని చెయ్యడు, అందరు దుబాయ్ దుబాయ్ అంటరు. అందుకే మొత్తం బిహారోళ్లనే పెట్టిన."

నేను నోరు తెరిచేలోపే అతను లేచి వెళ్లి, మల్లేశం వెనక నిలబడి వేలు చూపించాడు. "ఏ భాయ్, ఇధర్ థోడా దేఖ్‌కే లగావ్."

"జీ సేఠ్" అన్నాడు మల్లేశం. తల ఎత్తలేదు.

ఓనరు ఫోనొచ్చి బయటికి పోయాక నేను దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "ఈ ఊరివాణ్నని చెప్పవేమయ్యా? నిన్ను ముందు పెట్టుకుని ఆ మాటలేమిటి?"

మల్లేశం దారం లాగి చూసుకుని, బండ మీద చెయ్యి ఆనించి, మెల్లగా అన్నాడు.

"జర సప్పుడు చెయ్యకుండ్రి సారూ. ఊరోన్నని తెలిస్తె రేపటి సంది రావద్దంటడు."